పొంతన ఆఫీసులో ఎర్రబండి

లోకంలో ఎవరైనా మోటారుసైకిలు కొనుక్కోవాలనుకుంటే డబ్బైనా అడ్డం వస్తుంది, ఇంట్లోవాళ్ళైనా అడ్డం వస్తారు. పసలంక హైస్కూలు డ్రాయింగు మాస్టారు ఫణిభూషణానికి ఈ రెండూ అడ్డం రాలేదు. ప్రభుత్వం అడ్డం వచ్చింది.

ఆయనకు నలభై దాటాయి. చిన్న పొట్ట, మెత్తటి గొంతు, ఎవరైనా తోసుకుని ముందుకెళ్తే తానే "సారీ అండీ" అనే మనసు. బడిలో పిల్లలచేత మామిడిపండూ మట్టికుండా నెమలీ గీయించి, ఇంటికొచ్చి తన కోసం మాత్రం మోటారుసైకిళ్ళు గీసుకునేవాడు. మామూలువి కాదు. ఉరకబోయే పులిలా ముందుకు వంగి, వెనక సీటు ఆకాశంలోకి లేచి, బొమ్మ చూస్తేనే చెవుల్లో గాలి హోరెత్తే స్పోర్ట్స్ బళ్ళు. ఇన్నేళ్ళూ వాటిని గీశాడే తప్ప ఒక్కదాని మీదా ఎక్కలేదు. బడికి వెళ్ళిందీ వచ్చిందీ పాత స్కూటరు మీదే.

ఆ స్కూటరు ఓ వానాకాలం పొద్దున కాలవ వంతెన మీద దగ్గి దగ్గి ప్రాణం విడిచింది. మెకానిక్ దాన్ని చూసి పనిముట్లు కూడా బయటికి తీయలేదు.

"ఎలాగూ కొత్తది కొనాలి కదా," అంది భార్య ఇందుమతి. ఆమె ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఏ సంగతైనా సూది వేసినంత త్వరగా తేల్చేస్తుంది. "ఇన్నాళ్ళూ గీసుకున్నదేదో కొనేసుకోండి. కాగితాలైనా మిగులుతాయి."

ఫణిభూషణం తన చెవులను తానే నమ్మలేకపోయాడు. తెల్లచొక్కా వేసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, నేరుగా బుల్లిబ్బాయి షోరూముకు వెళ్ళాడు.

అక్కడ అద్దాల వెనక ఎర్రబండి ఉంది. ఆయన దాన్ని ఆర్నెల్లుగా రోడ్డు అవతలి నుంచి చూస్తున్నాడు. ఇప్పుడు దగ్గరికి వెళ్ళి ట్యాంకు మీద చెయ్యి వేశాడు. చల్లగా తగిలింది.

"చూసుకోండి మాస్టారూ, మురిసిపోండి, కావాలంటే పైటతో... అదే, రుమాలుతో తుడుచుకోండి," అన్నాడు బుల్లిబ్బాయి. "అమ్మమని మాత్రం అడక్కండే."

"అదేంటయ్యా! కొట్టు పెట్టుకుని అమ్మననడం ఏంటి?"

"పొంతన కుదరాలండి. కొత్త రూలండి. స్పోర్ట్స్ బండి కొనాలంటే పొంతన ఆఫీసువాళ్ళు మీకూ బండికీ కుదిరిందని తేల్చాలండి. తేల్చకుండా అమ్మానంటే నన్ను తీసుకెళ్ళి లోపలేస్తారండి, ఆయ్."

ఆ రూలు పుట్టిన వైనం ఊరందరికీ తెలుసు, బొమ్మల్లో మునిగిపోయిన మాస్టారికి తప్ప. ఓ పెద్ద నాయకుడు యువజన ఊరేగింపులో స్పోర్ట్స్ బండి ఎక్కాడు. కాళ్ళు నేలకు అందలేదు. బండి ఓ పక్కకు ఒరిగింది, దాంతో నాయకుడు ఒరిగాడు, ఆయన మీద గజమాల ఒరిగింది, గజమాల మోస్తున్నవాళ్ళు గజమాల మీద ఒరిగారు. నాయకుడు పొట్టివాడని అనడానికి ఎవరికీ గుండె చాల్లేదు. అందుకని తప్పు నాయకుడిదీ కాదు, బండిదీ కాదు, ఇద్దరి మధ్యా పొంతనదని నిర్ణయించారు. నిర్ణయించాక కమిటీ వేయక తప్పదు. కమిటీ చల్లటి కొండ ప్రాంతాల్లో తిరిగి, "సరైన మోటారుసైకిలును ఎంచుకోగల శక్తి సామాన్య మానవుడికి లేదు" అని తేల్చింది. జిల్లాకొక 'క్రీడా ద్విచక్ర వాహన యోగ్యతా నిర్ధారణ మండలి' వెలిసింది. అంత పేరు పలకలేక జనం దాన్ని పొంతన ఆఫీసు అన్నారు.

పసలంకలో ఆ ఆఫీసు పాత ధాన్యం గోడౌనులో ఉంది. లోపలికి వెళ్తే ఇప్పటికీ తవుడు వాసన. గుమ్మం పైన "మనిషికి తగ్గ బండి, బండికి తగ్గ మనిషి" అని పెద్ద అక్షరాలు. కింద కుర్చీలో సంచాలకులు త్రివిక్రమరావు గారు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో శిలాఫలకాన్ని చదువుతున్నట్టు మాట్లాడతాడు.

"అభ్యర్థి ఉపవిష్టులు కావచ్చు," అన్నాడు.

ఫణిభూషణం కంగారుగా చుట్టూ చూశాడు. "కూసోమంటన్నారండి," అన్నాడు పక్కనున్న అటెండరు సత్తిబాబు.

"ఒక్కసారి ఆ ఎర్రబండి ఎక్కి, వీధి చివరిదాకా వెళ్ళొస్తే సరిపోతుందేమో కదండీ," అన్నాడు ఫణిభూషణం కూర్చుంటూ. "నాకు బాగుందో లేదో నాకే తెలిసిపోతుంది."

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి, ఆ మాట అన్న మనిషిని జాలిగా చూశాడు. "యోగ్యత నిర్ధారణ కాని వ్యక్తి వాహనాన్ని అధిరోహించడం నిషిద్ధం."

"ఎక్కకుండా యోగ్యత ఎలా తెలుస్తుందండీ?"

"అందుకే కదా మండలి ఉన్నది!"

ఫణిభూషణం చేతులు కట్టుకున్నాడు.

మొదట కొలతల విభాగం. పోలీసు యూనిఫారాలు కుట్టి పేరు తెచ్చుకున్న దర్జీని అక్కడ డెప్యుటేషన్ మీద వేశారు. ఆయన కాలు కొలిచాడు, చెయ్యి కొలిచాడు, మెడ కొలిచాడు, అలవాటు కొద్దీ "జేబులు పక్కకా, ముందుకా?" అని అడిగాడు.

తర్వాత ఆసన విభాగం. నిజం బండి ఎక్కడం నిషిద్ధం కాబట్టి అక్కడ వడ్రంగిచేత ఓ చెక్కబండి చేయించి పెట్టారు. రథం గుర్రాలు చెక్కే వడ్రంగి కావడం చేత దానికి హ్యాండిలు కింద చిన్న మూతి, రెండు చెవులు కూడా వచ్చేశాయి. ఫణిభూషణాన్ని దానిమీద వంగి కూర్చోమన్నారు. ఇద్దరు మనుషులు అటూ ఇటూ పట్టుకుని బండిని మలుపు తిరుగుతున్నట్టు వంచారు. ఎదురుగా నిలబడ్డ సత్తిబాబు నోటితో "డుర్ర్‌ర్‌ర్" అని చప్పుడు మొదలెట్టాడు.

"గాలికి ఫ్యాను పెట్టాలండి, కానీ అది కాలిపోయిందండి," అన్నాడు మధ్యలో ఊపిరి తీసుకుని. "ఈస్తన్నట్టు అనుకోండి."

ఫణిభూషణం అనుకున్నాడు. కళ్ళు సగం మూసి, జుట్టు ఎగురుతున్నట్టు కూడా అనుకున్నాడు. సత్తిబాబు గేరు మార్చాడు. ఆ గేరుకు ఫణిభూషణం భయపడి బ్రేకు కోసం వెతికాడు. చెక్కబండికి బ్రేకు లేదు. "అమ్మా!" అన్నాడు.

"నమోదు చేయండి," అన్నాడు త్రివిక్రమరావు గారు.

ఆ పైన గుణ విభాగం. ఇక్కడ ప్రశ్నలు సంచాలకులే అడుగుతారు.

"మీరు ఎప్పుడైనా ఎవరినైనా దాటి ముందుకు వెళ్ళారా?"

"ఏ రోడ్డు మీదండీ?"

"జీవితంలో."

ఫణిభూషణం నిజాయితీగా ఆలోచించాడు. "లేదండీ. నన్నే అందరూ దాటారండీ. పెళ్ళి పంక్తిలో కూడా వడ్డన నా ఎదురుగా వచ్చి, పక్క వరసకు మళ్ళిపోతుందండీ."

"ఎదుటివారు దారి ఇవ్వనప్పుడు మీ ప్రవర్తన?"

"ఆగుతానండీ. వాళ్ళకేం పనుందో ఏంటో."

త్రివిక్రమరావు గారు నిట్టూర్చాడు. "అభ్యర్థిలో అధిగమన ప్రవృత్తి శూన్యం. అయినను తొందరపడరాదు. అవతలి పక్షం అభిప్రాయం కూడా వినవలసి ఉన్నది."

"అవతలి పక్షం అంటే?"

"వాహనం," అన్నాడు సంచాలకులు. "పొంతన అనేది ఉభయపక్ష వ్యవహారం కదండీ! మీకు అది నచ్చితే చాలునా? దానికి మీరు నచ్చవద్దూ?"

వచ్చే గురువారం మంచిదని అన్నారు. ఆ గురువారం ఎర్రబండిని బుల్లిబ్బాయి ట్రాలీలో పెట్టి, జరీ అంచు గుడ్డ కప్పి, గోడౌనుకు తీసుకొచ్చాడు. చాప పరిచి దానిమీద నిలబెట్టారు. అందరికీ జీడిపప్పు ఉప్మా, కాఫీ ఇచ్చారు. బండి పక్కన నల్లకోటు వేసుకున్న ఓ లావుపాటి మనిషి కూర్చున్నాడు. ఆయన పేరు శేషశయనం. కోర్టులో కేసులు లేక ఖాళీగా ఉంటే మండలివాళ్ళు ఆయన్ని వాహన పక్ష ప్రతినిధిగా వేసుకున్నారు.

గుడ్డ తీశారు. ఫణిభూషణం ఎర్రటి ఒంటిని చూసి తల దించుకున్నాడు. ఎందుకో సిగ్గేసింది.

"అయ్యా," అని శేషశయనం లేచాడు, "నా కక్షిదారు నిమిషంలో ఊరు దాటే వంశంలో పుట్టింది. గాలిని చీల్చడం దాని జన్మ లక్షణం. అభ్యర్థి దీన్ని రోజూ ఎక్కడికి తీసుకెళ్తారో సెలవివ్వాలి."

"బడికండీ."

"తర్వాత?"

"రైతుబజారుకండీ."

శేషశయనం చేతిలోని ఉప్మా పళ్ళెం కింద పెట్టేశాడు. "రైతుబజారు! వింటున్నారా సంచాలకుల వారూ? హ్యాండిలుకు సంచి తగిలిస్తారా?"

ఫణిభూషణానికి అబద్ధం రాదు. "ఆనపకాయలాంటిదైతే తగిలించాలి కదండీ."

"ఆనపకాయ!" శేషశయనం గొంతు బొంగురుపోయింది. ఆయన వంగి, బండి ట్యాంకు మీద చెయ్యేసి, చిన్నగా ఏదో చెప్పాడు. మళ్ళీ లేచాడు. "నా కక్షిదారు మనసు కష్టపెట్టుకుంది."

"ఇద్దరినీ కాసేపు ఏకాంతంగా మాట్లాడుకోనివ్వండి," అన్నాడు త్రివిక్రమరావు గారు ఉదారంగా.

అందరూ బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. ఫణిభూషణం ఎర్రబండి ముందు చాప మీద కూర్చున్నాడు. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో నవ్వు రాలేదు.

"నేను చిన్నప్పట్నుంచి నీ బొమ్మే గీస్తున్నాను," అన్నాడు మెల్లిగా. "ఎక్కుదామనే తప్ప ఇంకేం లేదు. ఆనపకాయ ఇందుమతి తెచ్చుకుంటుందిలే."

బండి ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అని ఫణిభూషణం వాదించబోయాడు గానీ, మండలి నిబంధనల్లో మౌనం అంటే 'నిర్ణయం వాయిదా' అని శేషశయనం చూపించాడు.

వాయిదా పడ్డాక చివరి మెట్టు ఒకటే మిగిలింది. వెనక సీటు మీద కూర్చునే కుటుంబ సభ్యుల పరీక్ష. ఆ రోజు ఇందుమతికి చంటిపిల్లలకు చుక్కల మందు వేసే డ్యూటీ పడింది. అందుకని ఆమె తన తల్లిని పంపింది.

తల్లి పేరు మంగతాయారు. అరవై దాటిన మనిషి. భర్త పోయినప్పటి నుంచి లంకలో ఇరవై ఎకరాల అరటితోట ఒంటిచేత్తో చేయించి, మోకాలు నొప్పెట్టి ఈమధ్యే కూతురి దగ్గరకు వచ్చి ఉంటోంది. తోటలో ఉన్నన్నాళ్ళూ ట్రాక్టరు తనే నడిపేది. ఆమె తోలుతుంటే ఎదురొచ్చే లారీలు గట్టు దిగి నిలబడేవని చెప్పుకుంటారు.

ఆమె గోడౌనులోకి వచ్చి, ముక్కు మీద చెంగు పెట్టుకుని, "తవుడు పురుగు పట్టింది, ఎవరూ చూస్కోరా?" అంది. తర్వాత చెక్కబండిని చూసింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, ఎవరూ చెప్పకుండానే ముందు సీటు మీద ఎక్కి కూర్చుంది.

"అమ్మా, తమరి స్థానం వెనుక," అన్నాడు త్రివిక్రమరావు గారు.

"ఎనక్కూచుని నేనేం చూడాలి బాబూ, అల్లుడుగారి ఈపా?"

"అత్తయ్యగారూ, ఇది పరీక్షండీ," అని ఫణిభూషణం గొణిగాడు.

"పరీచ్చైతే కానివ్వండి. ఏం చెయ్యాలో చెప్పండి."

సత్తిబాబు అలవాటుగా "డుర్ర్‌ర్" అన్నాడు. మంగతాయారు హ్యాండిలు పట్టుకుని ముందుకు వంగింది. "ఏవిట్రా ఆ సప్పుడు, తిండి తిన్లేదా? గట్టిగా ఇయ్యి!" సత్తిబాబు గట్టిగా ఇచ్చాడు. "ఇంకా!" సత్తిబాబు మెడ నరాలు పొంగాయి. అటూ ఇటూ పట్టుకున్న ఇద్దరూ బండిని ఓ పక్కకు వంచారు. ఆమె ఇంకా వంగి, ఇద్దర్నీ తోసుకుని, దర్జీ బల్లను కాలితో తన్ని, మలుపు తిరిగిపోయింది. సత్తిబాబు దగ్గుతూ కింద కూర్చున్నాడు.

త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"అమ్మా, తమరు జీవితంలో ఎవరినైనా దాటి వెళ్ళారా?"

"దారియ్యనోణ్ణి దాటక, ఆడి కాళ్ళు ఒత్తమంటారా?"

"దారి ఇచ్చినవారిని?"

"ఇచ్చినోణ్ణి ముందే దాటేత్తాను కదా!"

వాయిదా పడ్డనాటి నుంచి గోడౌనులోనే ఉండిపోయిన ఎర్రబండి దగ్గరికి శేషశయనం వెళ్ళి, చెవి ఆనించి విన్నాడు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. "నా కక్షిదారుకు పూర్తి సమ్మతం," అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మండలి పెట్టి ఏడాది కావస్తోంది. ఇప్పటిదాకా ఒక్క మనిషికీ ఒక్క బండికీ పొంతన కుదరలేదు. పొడుగున్నవాడికి ధైర్యం లేదు, ధైర్యమున్నవాడికి పొడుగు లేదు, రెండూ ఉన్నవాడు ఆనపకాయ దగ్గర దొరికిపోయాడు. వార్షికోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు, చూపించడానికి ఒక్క జంటైనా లేదు. అటువంటి సమయంలో చెక్కబండి మీద దిగివచ్చిన మంగతాయారు త్రివిక్రమరావు గారికి అమ్మవారిలా కనిపించింది.

తీర్పు ఆ సాయంత్రమే చదివారు. "అభ్యర్థి ఫణిభూషణం ముందు సీటుకు అనర్హులు, వెనుక సీటుకు సర్వవిధాలా యోగ్యులు. ఎర్రవాహనానికి తగిన వ్యక్తి శ్రీమతి మంగతాయారు గారు. ఇట్టి యోగ్యత ఏర్పడిన పిమ్మట నిరాకరించుటకు ఎవరికినీ హక్కు లేదు."

"ఆవిడకు మోటారుసైకిలు నడపడం రాదు కదండీ," అన్నాడు ఫణిభూషణం పీలగా.

"నడపడం రావడం, రాకపోవడం వేరే శాఖ పరిధి," అన్నాడు సంచాలకులు. "తగినవారా, కాదా అన్నంతవరకే మేము."

ఇంటికొచ్చి ఫణిభూషణం అన్నం తినలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇందుమతి ముందు ఓదార్చబోయింది, కానీ మధ్యలో నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. ఆమె నవ్వు గిన్నెల చప్పుడులోంచి కూడా వినిపించింది.

మంగతాయారు వచ్చి మంచం పక్కన నిలబడింది. "అల్లుడుగారూ, ఆ గుడిసేటి బండి నాకెందుకండి? రేప్పొద్దున్నే ఎల్లి ఆ తాడిచెట్టంత మడిసి మొహాన వద్దని చెప్పొచ్చేత్తాను. హక్కు లేదంటాడా? నా హక్కు నేను చూపిత్తాను."

ఫణిభూషణం ఇటు తిరిగాడు. ఆమె అన్నంత పనీ చేస్తుంది. అప్పుడు బండి మళ్ళీ అద్దాల వెనక్కి పోతుంది, రోడ్డు అవతల తను నిలబడతాడు. తనకు దక్కనిది అత్తగారికి దక్కడం బాధే. కానీ ఎవరికీ దక్కకుండా దుమ్ము పట్టిపోవడం అంతకంటే బాధ అనిపించింది.

"తీసుకోండి అత్తయ్యగారూ," అన్నాడు. "మనింటి ముందైనా ఉంటుంది. నేను తుడుచుకుంటాను."

మంగతాయారు ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. "సరే," అంది. "లేచి అన్నం తినండి."

ఆ మర్నాటి నుంచి బియ్యం మిల్లు కళ్ళంలో బుల్లిబ్బాయి ఆమెకు బండి నేర్పాడు. నేర్పాడనడం కంటే తప్పుకున్నాడనడం నిజం. ట్రాక్టరుతో పోలిస్తే ఇది మేకపిల్ల అంది మంగతాయారు. ట్రాక్టరు లైసెన్సు పక్కన దీనికీ లైసెన్సు చేర్పించుకుంది. హెల్మెట్ కొప్పు మీద కూర్చోకపోతే కొప్పు విప్పి జడ వేసుకుంది. "పెళ్ళైన కాడ్నించీ జడేసుకోలేదే ఇందూ," అని అద్దంలో రెండుసార్లు చూసుకుంది.

వార్షికోత్సవం రోజు గోడౌనుకు సున్నం వేశారు. సన్నాయి పెట్టారు. "మండలి నిర్ధారించిన ఆదర్శ జంట" అని బట్ట కట్టారు. మంగతాయారుకో దండ, ఎర్రబండికో దండ వేశారు. మంత్రిగారు ఇద్దరి మీదా అక్షింతలు చల్లారు. త్రివిక్రమరావు గారు మైకు ముందు నిలబడి, "వేల సంవత్సరాల మానవ నాగరికతలో మనిషి తనకు తగిన వాహనాన్ని గుడ్డిగా ఎంచుకున్నాడు. నేటితో ఆ చీకటి తొలగినది," అన్నాడు. ముందు వరసలో శేషశయనం రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. ఆయన ఆడపిల్ల తరఫు.

కార్యక్రమం చిన్నది. మంగతాయారు బండిని నాలుగు గజాలు నడిపి, రిబ్బను దగ్గర ఆపాలి. మంత్రిగారు కత్తిరించాలి. ఫొటో తీయాలి. వెనక సీటుకు యోగ్యుడు కాబట్టి ఫణిభూషణాన్ని వెనక ఎక్కించారు. ఆ సీటు ఎంత ఎత్తంటే, ఆయన మంత్రిగారికంటే పైన కనిపించాడు. అది బాగుండదని మంత్రిగారి కింద ఓ పీట వేశారు.

మంగతాయారు బండి లేపింది. ఈసారి చప్పుడు సత్తిబాబుది కాదు. సన్నాయి వినపడడం మానేసింది. జనం గుండెల మీద చేతులు వేసుకున్నారు.

"అల్లుడుగారూ, పట్టుకున్నారా?"

"దేన్ని పట్టుకోవాలండీ అత్తయ్యగారూ? ఇక్కడేం లేదండీ!"

"అయితే దేవుణ్ణి పట్టుకోండి!"

మంత్రిగారు కత్తెర తెరిచారు. తెరిచిన కత్తెర తెరిచినట్టే ఉంది. రిబ్బను మంగతాయారు హెల్మెట్‌కు చుట్టుకుని, దండతో సహా పెద్ద వీధిలోకి వెళ్ళిపోయింది.

"ఆపండి! అది నమూనా ప్రదర్శన మాత్రమే!" అని త్రివిక్రమరావు గారు మైకులో అరిచాడు. ఆ అరుపు ఊరి చివరిదాకా వినిపించింది. వీళ్ళు అప్పటికే ఊరి చివర దాటారు.

కాలవ గట్టు మీద రోడ్డు ఎక్కాక ఫణిభూషణం కళ్ళు తెరిచాడు. కొబ్బరిచెట్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ వెనక్కి పోతున్నాయి. ముందర ఎవరో ధాన్యం రోడ్డు మీద ఎండబోశారు. మంగతాయారు గింజ తొక్కకుండా అంచుమీద పాములా మెలితిప్పి పోయింది. ధాన్యం కావలి కూర్చున్న ముసలాయన చుట్ట నోట్లోంచి తీసి, లేచి దణ్ణం పెట్టాడు. ఓ బస్సు దారివ్వలేదు. ఆమె ఏం చేసిందో ఫణిభూషణం చూడలేదు, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి బస్సు వెనక ఉంది.

లాకుల దగ్గర ఎవరూ లేని చోట ఆమె ఆపింది. దిగి, హెల్మెట్ తీసి, మోకాలు రుద్దుకుంది.

"మీరు తోలండి ఇంక."

"నేనా? నేను అనర్హుణ్ణి కదండీ."

"ఇక్కడెవరున్నారండీ చూడ్డానికి, కొంగలు తప్ప? ఎక్కండి. ఈ బండి మీకోసం తెచ్చానా, నాకోసమా?"

ఫణిభూషణం ట్యాంకును ఓసారి తడిమి ఎక్కాడు. గేరు వేశాడు. బండి ఓ గెంతు గెంతి ఆగింది. మళ్ళీ లేపాడు. ఈసారి కదిలింది. ముందుకు వంగాడు. గాలి వచ్చింది. అనుకోనక్కర్లేకుండా, నిజంగానే, చొక్కాలో దూరి వీపు మీద బుడగలా పొంగింది. చిన్నప్పట్నుంచి గీసిన బొమ్మలన్నీ ఒక్కసారి కాళ్ళ కింద కదిలినట్టయింది. "ఓయ్!" అని అరిచాడు. జీవితంలో ఆయన అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు. కొంగలు లేచిపోయాయి.

ఆ ఆనందం తూము దాకా ఉంది. తూము దగ్గరికి వచ్చేసరికి మణికట్లు లాగాయి. పాకలు దాటేసరికి మెడ పట్టేసింది. పొట్ట వెళ్ళి ట్యాంకుకు నొక్కుకుని, తిన్న పులిహోర గుర్తు చేసింది. ఇంజను సెగకు తొడలు చుర్రుమన్నాయి. రావిగట్టు మలుపులో తిరిగి వచ్చేటప్పటికి నడుం తనది కాదనిపించింది. అత్తగారి ముందు బండి ఆపి, దిగబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఎలా ఉందండీ?"

"అద్భుతంగా ఉందండీ," అన్నాడు ఫణిభూషణం నేలకేసి చూస్తూ. "కానీ నాకు పనికిరాదండీ."

మంగతాయారు నవ్వింది. ఫణిభూషణానికీ నవ్వొచ్చింది. నవ్వుతుంటే నడుం ఇంకా నొప్పెట్టింది, అయినా ఆగలేదు. ఇన్నేళ్ళుగా గుండెల మీద ఉన్న బరువేదో దిగిపోయింది. ఆమె ఆయన నడుం మీద పిడికిలితో నాలుగు గుద్దులు గుద్ది నిలబెట్టింది.

మర్నాడు ఆయన మర్యాదగా పొంతన ఆఫీసుకు వెళ్ళి ఉన్న మాట చెప్పాడు. "మీరన్నదే నిజమండీ. ఆ బండి నాకు కుదరదు. ఎక్కి తూము దాకా వెళ్తే తెలిసిపోయిందండీ."

తమ తీర్పు నిజమైనందుకు త్రివిక్రమరావు గారు సంతోషిస్తాడనుకున్నాడు. ఆయన మొహం పాలిపోయింది. లేచి తలుపు వేశాడు.

"ఎక్కి తెలుసుకున్నారా?"

"అవునండీ."

"ఈ సంగతి ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదండీ."

"అనకండి." ఆయన గొంతు తగ్గింది, మొదటిసారిగా మామూలు మనిషిలా మాట్లాడాడు. "మాస్టారూ, నాకు ఇద్దరు పిల్లలు. ఈ ఆఫీసులో ముప్పై మందిమి ఉన్నాం. బండెక్కి తూము దాకా వెళ్తే తెలిసిపోతుందని జనానికి తెలిస్తే మేమంతా ఏమైపోతాం చెప్పండి?"

ఫణిభూషణానికి జాలేసింది. ఎవరితోనూ అననని మాటిచ్చి, గుమ్మంలో సత్తిబాబుకు గొంతు నొప్పికి మిరియాల పాలు తాగమని చెప్పి, అక్కడి నుంచి నేరుగా బుల్లిబ్బాయి షోరూముకు వెళ్ళాడు. ఇప్పుడు ఆయనకు ఏం కావాలో స్పష్టంగా తెలుసు. నిటారుగా కూర్చునేది, సంచి తగిలించుకునేది, కాళ్ళు రెండూ నేలకు ఆనేది, ఓ మామూలు బండి.

అటువంటిది మూలన ఒకటి ఉంది. ఫణిభూషణం దాని సీటు మీద చెయ్యి వేసి, "ఇది ఇచ్చెయ్యి," అన్నాడు.

బుల్లిబ్బాయి తల గోక్కున్నాడు. "నిన్న ఉత్సవం చూసి మంత్రిగారు మురిసిపోయారంటండి. ఆదర్శ జంట అలా దూసుకెళ్ళిపోయిందంటే పొంతన ఎంత బాగా కుదిరిందో అన్నారంటండి. ఇవాళ్టి నుంచి మామూలు బళ్ళు కూడా ఆఫీసు కిందకే ఇచ్చేశారండి. వచ్చే నెల నుంచి సైకిళ్ళంటండి. ఆ తర్వాత చెప్పులంటండి."

అందుచేత ఇప్పుడు పసలంక హైస్కూలు మొదటి గంట కొట్టే వేళకు పెద్ద వీధిలో ఓ హోరు వినిపిస్తుంది. జనం పక్కకు తప్పుకుంటారు. ఎర్రబండి గేటు ముందు ఆగుతుంది. ఎత్తైన వెనక సీటు మీదినుంచి ఫణిభూషణం మాస్టారు పుస్తకాల సంచితో జాగ్రత్తగా కిందికి జారతాడు. పిల్లలూ హెడ్మాస్టరూ వరండాలో బారులు తీరి చూస్తుంటారు.

మంగతాయారు హెల్మెట్ అద్దం పైకెత్తి, అందరికీ వినపడేలా చెబుతుంది:

"బడొదిలాక నేనొచ్చేదాకా గేటు దాటి బయటికి రాకండే అల్లుడుగారూ. బయట బళ్ళు తిరుగుతుంటాయి."